కొర్రమీను గాలం: హైదరాబాద్ చుట్టూ చెరువుల్లో ఏ కార్తెకు ఎక్కడ వెతకాలి, ఎలా పట్టాలి

బాస్ చేపను ఏ కాలంలో ఎలా పట్టాలో చెప్పే విదేశీ వీడియోలు చూసి, అదే రాడ్డు, అదే రబ్బరు కప్ప కొనుక్కుని, చెరువు కట్ట మీద పొద్దంతా నిలబడి ఉత్త చేతులతో ఇంటికొచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. సామానులో తప్పు లేదు. లెక్కలోనే తేడా. ఆ వీడియోలన్నీ నీటి వేడిని పట్టుకుని మాట్లాడతాయి. మన దగ్గర వేడి కన్నా ముందు చూడాల్సింది నీటిమట్టం. స్వాతి కార్తెలో మత్తడి దూకే చెరువు రోహిణి కార్తెకు తూము ముందు మడుగులా మిగులుతుంది. నీటి అంచు ఎటు జరిగితే చేప అటు జరుగుతుంది.

మన చెరువుల్లో బాస్ ఉండదు. సీ బాస్ అని పిలిచే పండుగప్ప కోస్తా చేప, ఏటిమొగల దగ్గరి ఉప్పుకయ్యల చేప. ఇక్కడ బాస్‌లా పొంచి ఉండి ఒక్క ఉదుటున మింగేది కొర్రమీను. కొందరు కొర్రమట్ట అంటారు. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. బాస్ కోసం తయారైన రబ్బరు కప్పలు దీనికి అక్షరాలా సరిపోతాయి.

1. గాలం కన్నా ముందు అనుమతి

మన చెరువుల్లో చేపల మీద హక్కు చాలావరకు ఆ ఊరి మత్స్య సహకార సంఘానిది. బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లలు వదిలి పెంచుకునేది వాళ్లే. ఊళ్లోకి వెళ్లి సంఘం పెద్ద ఎవరో కనుక్కుని, "అన్నా, గాలంతో కొర్రమీను కోసం వచ్చినం, వల వెయ్యం" అని చెప్పి అడగండి. కొన్నిచోట్ల రోజుకు ఇంత అని తీసుకుంటారు, కొన్నిచోట్ల పట్టిన చేప ఇచ్చి పొమ్మంటారు, కొన్నిచోట్ల వద్దంటారు. వద్దంటే వద్దే.

గండిపేట (ఉస్మాన్ సాగర్), హిమాయత్ సాగర్ తాగునీటి జలాశయాలు. అనుమతి లేకుండా అక్కడ గాలం తీయొద్దు. అమీన్‌పూర్ పెద్ద చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చోటు, దాన్ని పక్షులకు వదిలేయండి. హుస్సేన్ సాగర్ లాంటి మురుగు కలిసే నగర చెరువుల్లో చేప దొరికినా తినకండి.

శామీర్‌పేట, ఇబ్రహీంపట్నం, వికారాబాద్, సంగారెడ్డి వైపు వెళ్తే పెద్ద చెరువుల చుట్టూ పేరు లేని కుంటలు ఎన్నో ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ కుంటలే మేలు. పది ఎకరాల కుంటను ఒక్క పొద్దుటిపూటలో చుట్టి రావచ్చు, అదే పెద్ద చెరువులో చేపను వెతకడానికే నెల పడుతుంది.

2. సామాను

రాడ్డు: ఆరున్నర నుంచి ఏడు అడుగులు, మీడియం హెవీ. కొస మెత్తగా ఉండే రాడ్డుతో గుర్రపుడెక్క మీద కొర్రమీనును కొట్టలేరు. రాడ్డు వంగుతుంది తప్ప ముల్లు దిగదు.

రీలు: 3000 సైజు స్పిన్నింగ్ రీలు చాలు. బెయిట్‌కాస్టర్ రీలు మంచిదే కానీ అలవాటయ్యే దాకా దారం చిక్కులు తీయడంతోనే పొద్దు గడిచిపోతుంది.

దారం: 30 నుంచి 50 పౌండ్ల బ్రేడ్ (పోగులు అల్లిన దారం). ఇక్కడ తంగీసు పనికిరాదు. తంగీసు సాగుతుంది, నాచులో తెగుతుంది. స్పూలు (రీలులో దారం చుట్టుకునే చక్రం) అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉండేలా చుట్టండి. అంతకన్నా నిండుగా చుడితే విసిరినప్పుడల్లా ఉండలు కడుతుంది. బ్రేడ్ జారకుండా స్పూలు మీద ముందు పది చుట్లు తంగీసు వేయండి.

లీడరు: మొక్కల మధ్య వేసేటప్పుడు అక్కర్లేదు, బ్రేడ్‌ను నేరుగా కప్పకు కట్టండి. చలికాలం తేట నీళ్లలో మాత్రం అడుగున్నర పొడవు, 40 పౌండ్ల మందపాటి తంగీసు ముక్క కలపండి. కొర్రమీను పళ్లు చిన్నవే అయినా గరుకు, సన్నటి తంగీసును రాసి రాసి తెంపేస్తాయి.

ఎరలు: ఐదారు సెంటీమీటర్ల బోలు రబ్బరు కప్పలు రెండు (ఒకటి నలుపు, ఒకటి ఆకుపచ్చ లేదా గోధుమరంగు), నాలుగు అంగుళాల రబ్బరు చేపలు అరడజను, వాటికి 4/0 సైజు వెడల్పాటి కొక్కేలు, ఒక స్పిన్నర్ (లాగితే రేకు గిరగిర తిరిగే ఎర). మొదటి ఏడాదికి ఇవి చాలు. పెట్టె నిండా రంగులు కొనడం దుకాణానికే లాభం.

బతికిన కప్పను ఎరగా గుచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది. మన పొలాల్లో అరిచే పెద్ద కప్పకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది కాబట్టి ఆ పని చేయకండి.

పాత పద్ధతిలో వెదురు కర్ర, తంగీసు, బెండు, వానపాములతోనూ కొర్రమీను పడుతుంది. అయితే వానపాముకు జిలేబీ చేపలు, జెల్లలు ముందు ఎగబడతాయి. కొర్రమీనునే ఏరుకుని పట్టాలంటే కప్ప ఎరే దారి.

ముడి

1. దారం కొసను ఒక జానెడు మడవండి.
2. ఆ మడతను కప్ప ముక్కు దగ్గరి రింగులోంచి దూర్చండి.
3. రెండు పోగులూ కలిపి వదులుగా ఒక మామూలు ముడి వేయండి.
4. మిగిలిన ఉచ్చులోంచి కప్పను మొత్తంగా దూర్చి తీయండి.
5. ఉమ్మితో తడిపి, రెండు పోగులూ పట్టి బిగించండి.
6. కొసను మూడు మిల్లీమీటర్లు వదిలి కత్తిరించండి.

తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి పోగులు దెబ్బతింటాయి. చూపుకు తెలియదు, చేప పడినప్పుడు తెలుస్తుంది.

3. కొత్త కప్పను సరిచేయడం

పెట్టెలోంచి తీసిన కప్పను అలాగే విసరకండి. పది దాడుల్లో సగం వృథా అయ్యేది ఇక్కడే.

ముళ్లు. రెండు ముళ్ల మొనలూ కప్ప వీపుకు అతుక్కుని ఉంటాయి. ప్లయర్‌తో ఒక్కో ముల్లునూ కొంచెం పైకి, కొంచెం బయటికి వంచండి. మొనకూ రబ్బరుకూ మధ్య వడ్లగింజ పట్టేంత సందు చాలు. అంతకన్నా వంచితే ప్రతి ఆకునూ పట్టుకుంటుంది.

పదును. మొనను బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా లాగండి. గీత పడి ఆగితే పదునుంది. జారితే చిన్న ఆకురాయితో మూడు నాలుగు సార్లు రాయండి. కొర్రమీను తల పైభాగం ఎముక పలక, మొద్దు ముల్లు దిగదు.

కాళ్లు. రబ్బరు పోగుల కాళ్లు చాలా కప్పలకు మరీ పొడుగ్గా ఉంటాయి. చిన్న చేపలు ఆ కొసలే పట్టుకుని లాగి వదిలేస్తాయి. రెండు అంగుళాలకు కత్తిరించండి. ఒక కాలును అర అంగుళం పొట్టి చేస్తే కప్ప కుడి ఎడమలకు సులువుగా తిరుగుతుంది.

నీళ్లు. కప్పను నీళ్లలో ముంచి నొక్కి చూడండి. ముక్కు దగ్గర బుడగలొస్తే అక్కడ ఒక చుక్క ఫెవిక్విక్. కప్ప లోపలికి నీళ్లు చేరితే వెనక్కి వాలి, ముళ్లు నీటిలోకి మునిగి నాచును ఏరుకొస్తుంది. వేటలో పది విసుర్లకోసారి పిండి నీళ్లు తీసేయాలి.

బరువు. గాలికి దూరం పోకపోతే, ముళ్లు బయటికొచ్చే సందులోంచి రెండు మూడు చిన్న సైకిల్ బాల్స్ లోపలికి తోయండి. బరువుకు బరువు, కదిలితే చప్పుడు.

4. చెరువును చదవడం

గాలం తీయకముందు అరగంట కట్ట మీద ఊరికే నిలబడి చూడండి. ఏ చెరువులోనైనా ఐదు చోట్లు గుర్తుపట్టాలి.

- తూము: కట్టలో లోతైన వైపు. ఎండాకాలం నీళ్లు చివరిదాకా మిగిలేది ఇక్కడే.
- కట్ట రాళ్లు: నీటి అంచు రాళ్ల సందుల్లో చిన్న చేపలు, కప్పలు దాక్కుంటాయి. వాటి కోసం కొర్రమీను రాళ్ల వెంబడే తిరుగుతుంది.
- మత్తడి: నీళ్లు పొర్లే చోటు, దాని కింది కాలువ గుంటలు.
- శిఖం: కట్టకు ఎదురువైపు పల్చగా నీళ్లు పరుచుకునే నేల. వానాకాలంలో గడ్డి, తుంగ మునిగి ఉంటాయి.
- కాలువ మొగ: వాన నీళ్లు చెరువులో కలిసే నోరు.

ఆరోది, ఈ మధ్య వచ్చినది, మట్టి తవ్విన గుంతలు. పూడిక తీసిన చెరువుల్లో, ఇటుకలకో రోడ్డుకో మట్టి ఎత్తిన చెరువుల్లో నిటారు అంచులతో గుంతలుంటాయి. వేసవిలో చేపలు చేరేది వాటిలోకే. నీళ్లు నిండాక అవి పైకి కనబడవు, మోకాళ్ల లోతులో నడుస్తూ ఒక్క అడుగులో మనిషి మునిగిపోతాడు. చెరువులో దిగి విసిరే అలవాటు మానుకోండి. ఎండాకాలంలో ఒకసారి వెళ్లి గుంతలు ఎక్కడున్నాయో ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటే, నీళ్లు నిండాక చేపకూ మీ ప్రాణానికీ అదే పటం.

ఊపిరి గుర్తు

కొర్రమీను నీటిలో కరిగిన గాలి ఒక్కదానితో బతకలేదు. పైకొచ్చి గాలి మింగాల్సిందే. అది దాక్కున్న చోటును అదే పట్టిస్తుంది. ఏ గుర్తు ఏ చేపదో తెలుసుకోండి.

"గుబుక్" అని ఒక్కసారి వినబడి, పళ్లెమంత సుడి లేచి, వెంట ఒకటి రెండు బుడగలు వస్తే కొర్రమీను. బురద నీళ్లలో సన్నటి బుడగలు వరుసగా కదులుతూ పోతే అది అడుగున మేస్తున్న బంగారుతీగ. పైన చిన్న చిన్న చుక్కల్లా అక్కడక్కడా చిటపటలాడితే జిలేబీలు. వేలి కొసంత ముక్కు పైకొచ్చి అలాగే నిలిస్తే తాబేలు.

గుబుక్‌మన్న చోటే కప్పను పడేయకండి. చేప గాలి మింగి తల తిప్పేసి ఉంటుంది, నెత్తిన చప్పుడు పడితే పారిపోతుంది. సుడికి నాలుగైదు అడుగులు అవతల, రెండడుగులు పక్కగా వేసి, దాని దారిలోకి నడిపించండి. అలికిడి లేకపోతే కాసేపు ఆగండి. ఎండ ముదిరి నీళ్లలో గాలి తగ్గినప్పుడు త్వరత్వరగా పైకొస్తుంది, చలిలో చాలాసేపటికి గానీ రాదు.

5. కార్తెలను బట్టి వెతకడం

5.1 మార్చి నుంచి రోహిణి దాకా (జూన్ మొదటి వారం)

నీళ్లు రోజురోజుకూ వెనక్కి పోతుంటాయి. శిఖం ఎండి పగుళ్లిస్తుంది. చేపలన్నీ తూము వైపుకు, తవ్విన గుంతల్లోకి, మిగిలిన గుర్రపుడెక్క కిందికి చేరతాయి. తక్కువ నీళ్లలో ఎక్కువ చేప ఉంటుంది కాబట్టి ఏడాదిలో వెతకడానికి ఇదే సులువైన కాలం. వేళ మాత్రం తప్పకూడదు.

తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా, మళ్లీ సాయంత్రం ఐదున్నర నుంచి చీకటి పడేదాకా. నడి పొద్దున చేప లోతుకు, నీడకు పోతుంది, మనిషికి వడదెబ్బ తగులుతుంది.

పొద్దున నీడ పడే ఒడ్డు, సాయంత్రం నీడ పడే ఒడ్డు వేరు. తూర్పు ఒడ్డున చెట్లుంటే పొద్దున దాని కింద నీడ ఎక్కువసేపు నిలుస్తుంది, సాయంత్రం పడమటి ఒడ్డు. గుర్రపుడెక్క దట్టంగా ఉంటే దాని నడుమ చాపంత ఖాళీలు వెతకండి. ఆకుల మీద కప్పను మెల్లగా జరుపుతూ తెచ్చి, ఖాళీ అంచున ఆపి, ఐదు లెక్కపెట్టి, నీళ్లలోకి జారవిడవండి. దాడి ఎక్కువగా ఆ జారినప్పుడే.

మడుగు మరీ చిన్నదైపోయి చేపలు బురదలో కొట్టుకుంటుంటే అక్కడ గాలం వేయడం వేట కాదు. సంఘం వాళ్లు ఎలాగూ వల లాగుతారు.

5.2 తొలకరి: మృగశిర, ఆరుద్ర (జూన్ 8 నుంచి జూలై మొదటి వారం)

మృగశిర నాడు నగరంలో కొర్రమీను ధర కొండెక్కుతుంది, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందుకు జనం కిక్కిరిసిపోతారు. చెరువులో ఆ రోజుల్లోనే పెద్ద మార్పు మొదలవుతుంది.

నగరానికి ఆనుకున్న చెరువులైతే మొదటి పెద్ద వాన తర్వాత రెండు మూడు రోజులు వెళ్లకండి. నాలాల్లో ఏడాదంతా పేరుకున్న మురుగు ఒక్కసారిగా దిగుతుంది. బొచ్చెలు, రవ్వలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటాయి. కొర్రమీను బయటి గాలితో బతికేస్తుంది కానీ ఎర జోలికి రాదు.

ఊరి చెరువుల్లో దీనికి తలకిందులు. ఎర్రనీళ్లు కాలువ మొగలోంచి దిగే చోటికి కొర్రమీను ఎదురెళ్తుంది. కొత్త నీళ్లతో వానపాములు, పురుగులు, కప్పలు కొట్టుకొస్తుంటాయి. మొగ నోట్లో నేరుగా వేయకండి, పారుడు అంచున నీళ్లు తిరిగి నిలిచే చోట వేయండి. నీళ్లు ఎర్రగా ఉన్నప్పుడు చేప కంటితో కన్నా చప్పుడుతో ఎరను పట్టుకుంటుంది, కాబట్టి నల్ల కప్ప, లోపల బాల్స్, ఆగి ఆగి గట్టిగా రెండు గుంజుళ్లు.

ఉరుము వినబడగానే రాడ్డు దించండి. చెట్టు లేని కట్ట మీద ఏడడుగుల కార్బన్ రాడ్డు ఎత్తి నిలబడటమంటే పిడుగును పిలవడమే.

5.3 పునర్వసు నుంచి మఖ దాకా (జూలై, ఆగస్టు): పిల్లల కాలం

కొర్రమీను గుడ్లు పెట్టేది వానల్లో. పల్చటి నీళ్లలో తుంగ, గడ్డి మధ్య మొక్కలను పక్కకు నెట్టి గుండ్రటి ఖాళీ చేస్తుంది. పసుపు రంగు గుడ్లు పైన తేలుతుంటాయి. పిల్లలయ్యాక నారింజ ఎరుపు రంగులో వందలాదిగా ఒక ముద్దలా కదులుతాయి. పైనుంచి చూస్తే ఆ ఒక్కచోటే సన్న జల్లు పడుతున్నట్టు నీళ్లు వణుకుతాయి. కింద తల్లో తండ్రో, ఒక్కోసారి ఇద్దరూ కాపలా ఉంటారు.

ఆ ముద్ద మీదుగా కప్పను లాగితే దాడి ఖాయం. ఆకలితో కాదు, తరిమేయడానికి. అందుకే ఇది గొప్ప వేట అని చెప్పేవాళ్లున్నారు. కాపలా చేపను తీసేస్తే ఆ పిల్లల్ని గంటల్లో జిలేబీలు, మట్టగిడసలు ఊడ్చేస్తాయి. ఒక్క చేప కోసం వచ్చే రెండేళ్ల వేట పోగొట్టుకోవడం ఏం లెక్క? ముద్ద కనబడితే యాభై అడుగులు అవతలికి జరగండి.

ఈ రెండు నెలలు పిల్లలు లేని చోట్లే వెతకాలి. తూము, కట్ట రాళ్లు, మత్తడి కింది గుంటలు. పొలాల్లోకి ఎక్కిన చేపలు మత్తడి కాలువల్లో తిరుగుతుంటాయి, అక్కడ స్పిన్నర్ బాగా పనిచేస్తుంది. సంఘం వాళ్లు చేప పిల్లలు వదిలే రోజులూ దాదాపు ఇవే కాబట్టి ఆపమంటే ఆపండి.

5.4 ఉత్తర, హస్త, చిత్త, స్వాతి (సెప్టెంబరు రెండో వారం నుంచి నవంబరు మొదలు దాకా)

చెరువు నిండుగా ఉంటుంది, చేప పిల్లల పని ముగించుకుని ఆకలి మీద ఉంటుంది, ఎండ మెత్తబడుతుంది. ఏడాదిలో అన్నిటికన్నా మంచి వేట ఇప్పుడే. చిక్కల్లా నీళ్లు చాలా, చేప చెల్లాచెదురు.

తామర, తుంగ, తూటికాడ, జమ్ము, ఏది చూసినా మంచి చోటులాగే అనిపిస్తుంది. మొక్కల మధ్యలో కాకుండా రెండు రకాలు కలిసే అంచులు వెతకండి. తామరాకులు అయిపోయి జమ్ము మొదలయ్యే గీత, తుంగలోంచి నీటిలోకి చొచ్చుకొచ్చిన ముక్కు, పశువులు దిగి నీళ్లు తాగే దారి. ఆ పశువుల దారిని చాలామంది పట్టించుకోరు. గిట్టలు తొక్కి మొక్కలు లేకుండా చేసిన ఆ సందులో చిన్న చేపలు మేస్తాయి, రెండు పక్కలా పొంచి ఉండటానికి గోడల్లా మొక్కలుంటాయి.

- ఒక చోట ఐదారు విసుర్లకు మించి వేయకండి.
- ఇరవై అడుగులు జరిగి మళ్లీ మొదలుపెట్టండి.
- చేప పడిన చోట మొక్క ఏది, లోతెంత, నీడ ఎటుందో చూసి, చెరువులో అలాంటి చోట్లే వెతకండి.

దసరా సెలవులకు కట్ట మీద జనం ఎక్కువ. కట్టకు ఎదురు శిఖం వైపు నడిచిపోతే చప్పుడు తగ్గుతుంది.

5.5 చలికాలం (నవంబరు నడుమ నుంచి ఫిబ్రవరి)

తెల్లవారుజామున వెళ్లే అలవాటును ఈ మూడున్నర నెలలు పక్కన పెట్టండి. పొద్దున పదకొండు దాకా పడుకోండి, తప్పు లేదు. చలికి కొర్రమీను మందగిస్తుంది. ఎండకు పల్చటి నీళ్లు కాగాకే కదులుతుంది. పదకొండు నుంచి మూడున్నర దాకా మంచి సమయం.

సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి ఉత్తరపు ఒడ్డు నీళ్లకు ఎండ సూటిగా తగులుతుంది. చలిగాలి ఈశాన్యం, తూర్పు నుంచి వీస్తే ఉత్తర ఒడ్డునే గాలి మరుగు కూడా ఉంటుంది. అక్కడ నల్లబురద నేల, అడుగు రెండడుగుల లోతు, పైన ఎండిపోతున్న తామరాకులు ఉంటే ఇంకేం కావాలి.

నీళ్లు తేటబడతాయి. చేప మిమ్మల్ని చూస్తుంది. దూరం నుంచి విసరండి, లీడరు కట్టండి, గోధుమరంగు ఎర వాడండి. కప్పను ఆపిన చోట పది పదిహేను సెకన్లు అలాగే ఉంచి, కాళ్లు మాత్రం వణికేలా రాడ్డు కొస ఆడించండి. పైకి రాకపోతే రబ్బరు చేపకు మూడు నుంచి ఐదు గ్రాముల బరువు కొక్కెం పెట్టి, అడుగుకు దిగనిచ్చి, నత్తలా లాగండి. దెబ్బ గట్టిగా తగలదు. దారం బరువెక్కినట్టు మాత్రం ఉంటుంది.

6. విసరడం నుంచి ఒడ్డు దాకా

1. గురిపెట్టిన చోటుకు రెండు మీటర్లు అవతల పడేలా విసరండి. కప్ప నీళ్లను తాకేముందు వేలితో దారాన్ని అదిమితే నెమ్మదిగా వాలుతుంది.
2. సుళ్లు సద్దుమణిగే దాకా ఆగండి.
3. రాడ్డు కొస కిందికి దించి, మణికట్టుతో చిన్న గుంజుళ్లు. గుంజుకూ గుంజుకూ మధ్య దారం కొద్దిగా వదులవ్వాలి, అప్పుడే కప్ప అటూ ఇటూ తిరుగుతుంది.
4. నీళ్లు పేలగానే లాగకండి. కప్ప మాయమైందా? వదులు దారం చుట్టుతూ "ఒకటి, రెండు" అనుకోండి. బరువు తగలాలి.
5. బరువు తగిలాక రాడ్డును పైకి, రెండు చేతులా గట్టిగా కొట్టండి, అంటే ముల్లు దిగేలా ఒక్క గుంజు గుంజండి. డ్రాగ్ (చేప లాగితే రీలు దారం వదలకుండా ఆపే మర) బిగించే ఉండాలి.
6. ఆగకుండా చుట్టండి. మొదటి ఐదు సెకన్లలో తల పైకెత్తించి మొక్కల మీదికి తెస్తే చేప మీది, కిందికి పోనిస్తే మొక్కలది.
7. ఒడ్డున కింది దవడను గ్రిప్పర్‌తో పట్టండి. నోట్లో వేలు పెట్టకండి. ముల్లు పొడుగు ముక్కు ప్లయర్‌తో తీయండి.

నాలుగో మెట్టులో చేయి ఆగడం చాలా కష్టం. తీరా ఆ పేలుడు చూశాక ఒంట్లో నరాలన్నీ లాగమనే అంటాయి. కప్ప మీద నుంచి చూపు తీసి దారం మీద పెట్టడం అలవాటు చేసుకుంటే కొంత కుదురుతుంది.

వదిలేసే చేపను కట్ట రాళ్ల మీద పెట్టకండి. ఎండకు కాగిన రాయి జిగురు పొరను ఊడదీస్తుంది. చేతులు తడిపి పట్టుకోండి, ఫొటో అయ్యాక నీళ్లలో నిలిపి అదే ఈదుకుంటూ పోయేదాకా ఉండండి. బయట చాలాసేపు బతుకుతుంది కదా అని నిర్లక్ష్యం వద్దు. అర కిలో లోపువన్నీ వదలండి. ఇంటికి తెచ్చేవాటిని తడి గోనెసంచిలో చుట్టి నీడన ఉంచండి, కడిగేటప్పుడు బూడిద రాసి గరుకు బండ మీద రుద్దితే జిగురూ పొలుసూ పోతాయి.

7. ఎక్కడ తప్పుతుంది, ఎలా దిద్దాలి

దాడులు చాలా, చేప ఒక్కటీ లేదు. తొందరగా కొడుతున్నారు, లేదా కప్పలో నీళ్లు నిండాయి. పిండండి. అయినా అంతే అయితే చేపలు చిన్నవి, నాలుగు సెంటీమీటర్ల కప్పకు మారండి.

చేప మొక్కల్లోకి దూరి కదలడం లేదు. గుంజితే ముల్లు జారుతుంది. రాడ్డు దించి, దారం బిగువు తగ్గకుండా అలాగే పట్టుకోండి. చేపే తల తిప్పి కదులుతుంది, కదిలిన మరుక్షణం లాగండి. రెండు నిమిషాలకూ కదలకపోతే దారాన్ని గుడ్డ చుట్టిన చేత్తో నేరుగా లాగండి. ఒట్టి చేత్తో బ్రేడ్ పట్టుకుంటే వేళ్లు తెగుతాయి.

ముడి దగ్గర తెగుతోంది. ప్రతి చేప తర్వాత కొసన అడుగు దారాన్ని గోటితో తడిమి చూడండి. నూగులా తగిలితే కత్తిరించి మళ్లీ కట్టండి.

చెరువులో చేపలున్నాయి, నా దగ్గరికి రావు. మీ నీడ చూసుకోండి. వీపున ఎండ పెట్టుకుని ఎత్తైన కట్ట మీద నిలబడితే మీకన్నా ముందు మీ నీడ నీళ్లలో దిగుతుంది. రెండు మెట్లు కిందికి, లేదా పక్కకు. కాళ్ల చప్పుడు కూడా కట్టలోంచి నీళ్లకు పోతుంది.

నిన్న పడ్డాయి, ఇవాళ లేవు. నీటి అంచు చూడండి. తూము తెరిచి ఒక్కరోజులో జానెడు నీళ్లు తీసినా పల్చటి చోట్ల చేప లోతుకు జరుగుతుంది. అంచున తడి మట్టి గీత కనిపిస్తే మొక్కల బయటి వైపు, లోతు మొదలయ్యే చోట వేయండి. కొత్త నీళ్లు వచ్చి గడ్డి మునుగుతుంటే దానికి తలకిందులు, ఒడ్డుకు ఆనుకుని వేయండి.

8. బయల్దేరే ముందు

- సంఘం వాళ్లతో మాట్లాడారా?
- చెరువులో నీళ్లు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? ఊళ్లో ఎవరికైనా ఫోన్ చేసి అడగండి.
- రాడ్డు, రీలు, కప్పలు రెండు, రబ్బరు చేపలు, కొక్కేలు, లీడరు ముక్క
- పొడుగు ముక్కు ప్లయర్, గ్రిప్పర్, కత్తెర, ఆకురాయి
- మోకాళ్ల దాకా గమ్ బూట్లు (కట్ట బొరియల్లో, తుంగలో పాములుంటాయి)
- టోపీ, రెండు లీటర్ల నీళ్లు, వానాకాలమైతే ఫోన్‌కు ప్లాస్టిక్ కవరు
- తలకు పెట్టుకునే టార్చి, సాయంత్రం వేటకు
- గోనెసంచి, పాత గుడ్డ
- తెగిన దారం ముక్కలు వేసుకోవడానికి ఒక డబ్బా. కట్ట మీద పారేసిన బ్రేడ్ కొంగల కాళ్లకు, మేకల గిట్టలకు చుట్టుకుంటుంది. మరుసటి వారం ఊళ్లోకి రానివ్వకపోవడానికి ఆ ఒక్క మేక చాలు.